చదివిపెట్టేవాళ్ల కోసం ఒక డిగ్రీ

విజయనగరంలో కన్యాశుల్కం నాటకాన్ని మొదట ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. కానీ ఇవాళ మనం చదువుతున్నదీ, మాటకి ముందు వాడుకుంటున్నదీ ఆ కన్యాశుల్కం కాదు. గురజాడ మళ్లీ కూర్చుని రాసి 1909లో అచ్చేయించిన రెండో కూర్పు ఇది. మొదటిదాంట్లో మధురవాణిది పెద్ద పాత్రేం కాదు. రెండోదాంట్లో ఆమె లేకపోతే నాటకమే లేదు. ఈ రెండు పుస్తకాల మధ్య పన్నెండేళ్లు గడిచాయి. నాటకం ఆడేశారు, జనం చూసేశారు, పుస్తకం కూడా వచ్చేసింది. అయినా ఆయన మళ్లీ మొదటికొచ్చాడు.

క్రియేటివ్ రైటింగ్‌లో పీజీ ఇచ్చే యూనివర్సిటీలు నేర్పుతామని చెప్పేది చాలావరకు ఈ తిరగరాయడమే. బి.టెక్కో, డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచరో పూర్తిచేసి, ఫోన్‌లో నాలుగు కథలు రాసి పెట్టుకుని ఈ చదువు గురించి వాకబు చేసే పిల్లలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ ఉన్నారు. ఇంట్లో వాళ్లకి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "రాయడానికి కూడా చదువేంటి?" వెటకారంగా వినిపించినా అడగాల్సిన ప్రశ్నే అది. ఆ చదువులో డబ్బు పోసి కొనేది ఏమిటో తెలిస్తే తప్ప దానికి జవాబు లేదు.

అసలు పేరు దగ్గరే ఒక తికమక ఉంది. మన దగ్గర ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అంటే బొమ్మలు గీయడం, శిల్పాలు చెక్కడం. అమెరికాలో అదే డిగ్రీని కథకీ కవిత్వానికీ కూడా ఇస్తారు. రెండేళ్లు పడుతుంది, కొన్నిచోట్ల మూడేళ్లు. బ్రిటన్‌లో ఇలాంటి చదువుని ఎక్కువగా ఎం.ఏ. అంటారు, ఏడాదిలో అయిపోతుంది. పేరులో 'ప్రొఫెషనల్' అన్న ముక్క కూడా ఉంటే కథ, కవిత్వంతో పాటు కూడుపెట్టే రాతలు కూడా సిలబస్‌లోకి వస్తాయి. ఎడిటింగ్, పత్రికా రచన, యాడ్ కాపీ, టెక్నికల్ డాక్యుమెంట్లు, స్వచ్ఛంద సంస్థల కోసం నిధులు అడుగుతూ రాసే ప్రతిపాదనలు అలాంటివి.

కథల పుస్తకాన్నో కవితల పుస్తకాన్నో పీజీ థీసిస్‌గా తీసుకోవడానికి అమెరికాలోని అయోవా యూనివర్సిటీ 1922లోనే ఒప్పుకుంది. అక్కడి రైటర్స్ వర్క్‌షాప్ 1936లో మొదలైంది. బ్రిటన్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ 1970లో ఈ చదువు పెట్టింది. 2017లో నోబెల్ అందుకున్న కజువో ఇషిగురో అక్కడే చదివాడు. ఇలాంటి పేర్లు బ్రోషర్ల మొదటి పేజీలో మెరుస్తుంటాయి. అదే క్లాసులో కూర్చుని ఆ తర్వాత ఒక్క పుస్తకం కూడా వేయనివాళ్ల పేర్లు ఏ బ్రోషర్‌లోనూ ఉండవు.

వర్క్‌షాప్ అని పిలిచే ఆ క్లాసులో జరిగేది మాత్రం చాలా సాదా పని. పది పన్నెండు మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ వారం ఎవరి వంతు అయితే వాళ్లు తమ కథని ముందుగానే అందరికీ పంచిపెడతారు. మిగతావాళ్లు దాన్ని కనీసం రెండుసార్లు చదివి, పక్కన పెన్నుతో రాసి, వేరే కాగితం మీద ఒక పేజీ అభిప్రాయం రాసి తేవాలి. క్లాసులో చర్చ జరుగుతున్నంతసేపూ కథ రాసిన మనిషి నోరు మెదపకూడదు. "అది కాదు, నా ఉద్దేశం ఏంటంటే" అనే అవకాశం లేదు, ఎందుకంటే పత్రికలో అచ్చయ్యాక పాఠకుడి ఇంటికెళ్లి అలా చెప్పలేరు కదా. ఈ మౌనం నియమాన్ని ఇప్పుడు చాలాచోట్ల సడలించారు. రాసినవాళ్లే ముందు ప్రశ్నలు అడిగి చర్చ మొదలుపెట్టే పద్ధతి కూడా వచ్చింది. ఏ పద్ధతిలో నడిచినా ఫలితం ఒకటే. నీ కథని చదవడం తమ బాధ్యతగా ఉన్న పదిమంది దొరుకుతారు. గడువు దొరుకుతుంది. ఫీజు కట్టేది ఈ రెంటికే. మాస్టారు చెప్పే పాఠాల్లో చాలా భాగం పుస్తకాల్లో దొరుకుతుంది.

బంధువుల్లో కథ చదివేవాళ్లు ఎలా చదువుతారో రాసే పిల్లలకి తెలుసు. "బాగుందమ్మా, పేపర్‌కి పంపు" అంటారు. లేదంటే అందులో ఉన్న పెదనాన్న తామేనేమో అని వెతుక్కుంటారు. మూడో పేజీలో విసుగొచ్చింది, అక్కడ ఆపేశాను అని మొహమాటం లేకుండా చెప్పే మనిషి దొరకడం కష్టం. అలాంటి మనిషి ఖరీదే ఈ డిగ్రీ ఖరీదు.

ఒకప్పుడు విజయనగరంలో అది ఉచితంగానే దొరికేది. కథకుడు చాసో (చాగంటి సోమయాజులు), కవి శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామి ఒకే కాలంలో ఒకే ఊళ్లో ఉన్నారు. రోణంకి మహారాజా కళాశాలలో ఇంగ్లిష్ మాస్టారు, యూరప్ భాషలు అనేకం తెలిసినవాడు. అలాంటి స్నేహితుడు పక్కవీధిలో ఉంటే ప్రపంచ సాహిత్యం గురించి పరాయి దేశం వెళ్లి తెలుసుకోవాల్సిన పని తగ్గిపోతుంది. చాసో కథలు చాలా చిన్నవి, కొన్ని నాలుగైదు పేజీలకి మించవు. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అది. శ్రీకాకుళం వైపు కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) ఉండేవారు. మురపాకలో పుట్టి, విశాఖలో బడిపంతులుగా పనిచేసి, 1995లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాక, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగు కథ అచ్చయిన పత్రికల్ని, సంకలనాల్ని ఒకచోట చేర్చిన ఇల్లు అది. కొత్తవాళ్ల కథలు చదివి లోటుపాట్లు చెప్పే ఓపిక ఆయనకి ఉండేదని కథకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021లో ఆయన పోయారు. కథానిలయం ఉంది. కానీ బీరువాలో ఉన్న కథలు చదువుకోవడం ఒకటి, బీరువా పక్కన కూర్చున్న మనిషి మన కథ చదవడం ఇంకొకటి.

2020 తర్వాత తెలుగు వీక్లీలు, మాసపత్రికలు కొన్ని అచ్చు ఆపేశాయి. వాటితో పాటు ఇంకొకటి కూడా పోయింది. కథ తిప్పి పంపేటప్పుడు రెండు లైన్లు రాసే ఎడిటర్ కూడా తగ్గిపోయాడు. ఇప్పుడు యాప్‌లో కథ పెడితే అరగంటలో స్టార్లు వస్తాయి, పూల గుత్తుల బొమ్మలు వస్తాయి. అవి తిరగరాయడానికి పనికిరావు.

మరి పై దేశం వెళ్లి ఆ పదిమందిని కొనుక్కుంటే? ఇక్కడే చిక్కు. సిక్కోలు పల్లె కథలో ఇలాంటి వాక్యం ఒకటి ఉందనుకుందాం: "అప్ప సోడంబలి దించీసి, గుంటల్ని బేగి రమ్మని కేకేసింది."

అప్ప అంటే అక్క. ఇంగ్లిష్‌లో సిస్టర్ అని రాస్తే పెద్దదో చిన్నదో తెలీదు. సోడంబలి అంటే చోడిపిండితో కాచిన అంబలి. రాగి అంటే మిగతా జిల్లాలవాళ్లకి తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో ఫింగర్ మిల్లెట్ అనగానే లేనివాళ్ల పొద్దుటి తిండి కాస్తా సూపర్‌మార్కెట్‌లో షుగర్ పేషెంట్లు కొనే ప్యాకెట్ అయిపోతుంది. గుంటలు అంటే పిల్లలు. గుంటూరు పాఠకుడికే అవి గోతుల్లా వినిపిస్తాయి, ఇక అయోవా పాఠకుడి సంగతి చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా కష్టమైనది 'దించీసి'. దించి అనడానికీ దించీసి అనడానికీ ఉన్న తేడా, ఆ పని అయిపోయిందన్న ఊపిరి, ఇంకో పని ఉందన్న తొందర, అంతా ఆ 'ఈసి'లోనే ఉంది. చెప్పీసినాను, వచ్చీసినాడు, తినీసినారు. ఉత్తరాంధ్ర మాట నడకే అది.

ఈ కథని ఇంగ్లిష్‌లోకి మార్చి బల్ల మీద పెడితే చుట్టూ ఉన్న పదిమంది కొన్ని విషయాలు బాగా చెప్పగలరు. కథ ఆలస్యంగా మొదలైందనీ, రెండో పేజీలో చెప్పే గొంతు మారిపోయిందనీ, ముగింపు ముందే తెలిసిపోయిందనీ చెప్తారు. అవన్నీ పనికొచ్చే మాటలే. కానీ అప్ప నోట్లో ఆ మాట సరిగ్గా పలికిందా లేదా అన్నది వాళ్లు చెప్పలేరు. ఆ చెవి వాళ్లకి ఉండదు. కొని తెచ్చుకున్న పాఠకులు కథ కట్టుబడిని సరిచేస్తారు, పలుకుబడిని సరిచేయలేరు. అందుకని ఇంగ్లిష్‌లోనే కథలు రాయదలచినవాళ్లకి ఈ డిగ్రీ పూర్తిగా ఉపయోగపడుతుంది. తెలుగులో రాసేవాళ్లకి సగమే. ఈ తేడాని బ్రోషర్లు చెప్పవు, కన్సల్టెన్సీలవాళ్లకి పట్టదు.

ఇదేమీ ఇంగ్లిష్ మీద నింద కాదు. జనం మాట్లాడే భాష అచ్చులోకి రావడానికి తెలుగులోనే ఎంత పోరు జరిగిందో గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది చదువుకున్నవాళ్లు మాట్లాడే భాష పుస్తకాల్లోకి రావాలని. అప్ప మాట్లాడే భాష అందులో ఇంకా లేదు. దాన్ని అచ్చులోకి తెచ్చింది ఆ తర్వాతి తరాల కథకులు. ఆ పనికి ఏ యూనివర్సిటీ క్లాసూ సాయపడలేదు.

అయోవాలోనే స్పానిష్ భాషలో క్రియేటివ్ రైటింగ్ ఎం.ఎఫ్.ఏ. ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీలోనూ ఉంది. అంటే ఇంగ్లిష్ కాని భాషలో ఇలాంటి చదువు నడపడం కుదరని పనేం కాదు. మన రెండు జిల్లాల్లో తెలుగు కథల పుస్తకాన్ని థీసిస్‌గా ఇచ్చి తీసుకునే పీజీ లేదు. పీజీసెట్ రాసి ఎం.ఏ. తెలుగులో చేరితే ప్రాచీన కవిత్వం, వ్యాకరణం, భాషాశాస్త్రం, సాహిత్య విమర్శ చదువుతారు. రచయితకి అవన్నీ అవసరమే, కాదనలేం. కానీ అక్కడ గురజాడ ఎందుకు గొప్పవాడో రాస్తే మార్కులొస్తాయి. ఆయన చేసిన తిరగరాత మనం చేసి చూపిస్తే మార్కులుండవు. ఢిల్లీ అంబేడ్కర్ యూనివర్సిటీ లిటరరీ ఆర్ట్ పేరుతో పీజీ పెట్టింది, అదీ ఇంగ్లిష్ లోనే. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన మన యూనివర్సిటీ పేరు కూడా అంబేడ్కర్ యూనివర్సిటీయే కాబట్టి, ఫోన్‌లో వెతికేవాళ్లు ఏది ఏదో చూసుకోవాలి. ఇగ్నోలో ఇంగ్లిష్ క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా ఉంది. పాఠాలు ఇంటికొస్తాయి, పదిమంది పాఠకులు మాత్రం రారు.

తెలుగు చెవిని వదులుకోకుండా బయటి చదువు చదవాలంటే అనువాదం మంచి దారి. అయోవాలో సాహిత్య అనువాదానికి విడిగా ఎం.ఎఫ్.ఏ. ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువాద అధ్యయన కేంద్రం ఉంది. అనువాదం క్లాసులో 'దించీసి' అన్నమాట దగ్గర గంటసేపు ఆగితే ఎవరూ విసుక్కోరు, అదే అక్కడ పాఠం. ఉత్తరాంధ్రలోని అంబఖండిలో పుట్టిన వెల్చేరు నారాయణరావు అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. 2007లో కన్యాశుల్కాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చింది ఆయనే. గిరీశం ఇంగ్లిష్ ముక్కల తెలుగుని ఇంగ్లిష్‌లో పెట్టాల్సిన కష్టం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఇక డిగ్రీ పేరులోని రెండో సగం, ప్రొఫెషనల్ రైటింగ్. కథల వెంట పడే పిల్లలు దీన్ని చిన్నచూపు చూస్తారు. నిజానికి ఇంటికి జీతం తెచ్చే సగం ఇదే, పైగా అది ఎక్కడో లేదు. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి. మందు ఎంత తయారవుతుందో దానికి తగ్గట్టే కాగితం కూడా తయారవుతుంది. ఏ పని ఎలా చేయాలో చెప్పే ఎస్‌ఓపీ, ప్రతి బ్యాచ్‌కీ ఒక రికార్డు, తేడా వస్తే డీవియేషన్ రిపోర్ట్.

ఉదాహరణకి, రియాక్టర్ 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఉండాలి, నైట్ షిఫ్ట్‌లో 12 నిమిషాలపాటు 68కి వెళ్లింది అనుకుందాం. తెల్లారాక ఎవరో రిపోర్ట్ రాస్తారు: "టెంపరేచర్ ఎక్స్‌కర్షన్ వాజ్ అబ్జర్వ్‌డ్ అండ్ ద సేమ్ వాజ్ రెక్టిఫైడ్." ఎవరు చూశారు? ఎన్ని గంటలకి? ఏం చేశారు? ఆ బ్యాచ్ ఏమైంది? ఆ వాక్యంలో ఒక్కదానికీ జవాబు లేదు. ఏడాది తర్వాత విదేశీ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ ఫైలు తెరుస్తాడు. రాయనిది జరగనట్టే అన్నది ఈ రంగంలో అందరి నోటా వినిపించే మాట. వర్క్‌షాప్‌లో కథకుడు నోరు మెదపకూడదన్న నియమమే ఇక్కడా ఉంది. రాసినవాడు ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి "అంటే సార్, నా ఉద్దేశం" అనడానికి లేదు, కాగితమే మాట్లాడాలి. కెమిస్ట్రీ చదివి, ఎవరు ఏం ఎప్పుడు చేశారో నాలుగు వాక్యాల్లో తేటగా రాయగలిగిన మనిషికి రెగ్యులేటరీ విభాగాల్లో, మెడికల్ రైటింగ్‌లో చోటుంది.

అయితే దీనికోసం రెండేళ్ల విదేశీ డిగ్రీ అక్కర్లేదు. ఆర్నెల్లు పనిలో ఉండి, తప్పులు ఎత్తిచూపే సీనియర్ దొరికితే చాలు. పత్రికా రచనదీ అదే వరస. 1974లో విశాఖలో పుట్టిన ఈనాడు తన జర్నలిజం స్కూల్లో చేర్చుకునేవాళ్లకి నేర్చుకునే కాలంలోనే స్టైపెండ్ ఇస్తుంది. అక్కడా రాతను కోసిపెట్టేవాళ్లు ఉంటారు. డెస్క్ మీద సబ్ ఎడిటర్ పదిహేను లైన్ల వార్తని ఆరు లైన్లు చేస్తాడు. మండలాల్లో వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కి లైన్ల లెక్కన డబ్బులొస్తాయి కాబట్టి ఆ కోత కడుపు మీదే తగులుతుంది. ఇక వెబ్‌సైట్లకి రాశి లెక్కన రాసే కంటెంట్ రైటింగ్ మాత్రం ఏఐ వచ్చాక నమ్ముకోదగ్గది కాదు.

డబ్బు సంగతి. అమెరికాలో మంచి పేరున్న ఎం.ఎఫ్.ఏ.లలో కొన్ని ఫీజు మాఫీ చేసి, పైన స్టైపెండ్ కూడా ఇస్తాయి. బదులుగా మొదటి సంవత్సరం డిగ్రీ పిల్లలకి వ్యాసం రాయడం నేర్పాలి. కార్నెల్ లాంటి చోట కథకి నలుగురిని, కవిత్వానికి నలుగురిని తీసుకుంటారు. ప్రపంచమంతా ఆ ఎనిమిది సీట్లకే అప్లై చేస్తుంది. ఇంకోవైపు, ఏడాదికి 60 వేల డాలర్లు దాటిన ఫీజుతో పెద్దగా సాయం ఇవ్వని పేరుమోసిన యూనివర్సిటీలూ ఉన్నాయి. బ్రిటన్‌లో ఏడాది ఎం.ఏ.కి విదేశీ విద్యార్థి దగ్గర దాదాపు 15 వేల నుంచి 25 వేల పౌండ్ల దాకా తీసుకుంటారు, ఇంటి అద్దె, తిండి వేరే. పౌండు వంద రూపాయలు దాటి చాలా రోజులైంది. ఎకరం అమ్మి కథల డిగ్రీకి వెళ్లడం అప్పు చేసి పప్పుకూడు లాంటిదే. స్టైపెండ్ వస్తే వెళ్లాలి, రాకపోతే వెళ్లకూడదు. ఇందులో మధ్యేమార్గం పెద్దగా లేదు.

ఎమ్మెస్‌కి వెళ్లిన ఎదురింటి కుర్రాడితో పోలిక ఎలాగూ వస్తుంది కాబట్టి ఆ లెక్క కూడా చూడాలి. అమెరికాలో చదువయ్యాక విదేశీ విద్యార్థి 12 నెలలు పనిచేసుకోవచ్చు. కంప్యూటర్ సైన్స్ లాంటి స్టెమ్ చదువులకి ఇంకో 24 నెలలు పొడిగింపు ఉంది. క్రియేటివ్ రైటింగ్ ఆ జాబితాలో లేదు. అప్పు తీర్చడానికి మూడేళ్ల సమయం అతనికి ఉంటే వీళ్లకి ఒక్క ఏడాదే.

తిరిగొచ్చి ఇక్కడ కాలేజీలో పాఠం చెప్పుకుంటామంటే అదీ సులువు కాదు. అమెరికాలో ఎం.ఎఫ్.ఏ. అంటే ఆ రంగంలో ఆఖరి డిగ్రీ, దాంతోనే ప్రొఫెసర్ అవుతారు. ఇక్కడ నెట్‌ గానీ, సెట్‌ గానీ, పీహెచ్‌డీ గానీ ఉండాలి, బయటి డిగ్రీకి సమానత్వం సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

ఇదంతా తెలిసి కూడా అప్లై చేయాలనుకుంటే పని జూలైలో మొదలుపెట్టాలి, ఎందుకంటే గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిల్లో ఉంటాయి. జీఆర్ఈ చాలాచోట్ల అడగరు. ఇంగ్లిష్ వచ్చా అని చూసే టోఫెల్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ అడుగుతారు. అన్నిటికన్నా ముందు చూసేది 20, 30 పేజీల కథలే. ఇంజినీరింగ్‌లో వచ్చిన మార్కులు వాళ్లకి పెద్దగా పట్టవు.

వాటితో పాటు మూడు సిఫారసు ఉత్తరాలు కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కాలేజీలో అడిగితే "నువ్వే రాసి తెచ్చెయ్, సంతకం పెడతాను" అంటారు. సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, పంక్చువల్ అన్న మూడు మాటలతో నిండిన ఆ ఉత్తరం ఎంపిక చేసేవాళ్లకి ఏమీ చెప్పదు. ఫలానా కథలో ఫలానా పాత్ర ఎందుకు నిలబడిందో, మొదటి ప్రతికీ మూడో ప్రతికీ మధ్య ఏం మారిందో చెప్పే ఉత్తరం ఒక్కటైనా ఉండాలి. అది రాయాలంటే ఆ మూడు ప్రతులూ చదివిన మనిషి ఒకరు ఊళ్లో ఉండాలి. డిగ్రీ కాలేజీలో తెలుగు మేడమ్ కావచ్చు, కథలు రాసే పక్క మండలం టీచర్ కావచ్చు. ఆ మనిషి దొరికాక అప్లికేషన్ పంపాలా వద్దా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు.